అపోస్టిల్ వేశాక ఇంకో సీలు ఎందుకు? విదేశీ పత్రాలు చూసే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. ఒక దేశంలో పుట్టిన కాగితం ఇంకో దేశంలో చెల్లాలంటే అది మీ చేతుల మీదుగా వెళ్లాలి. మీలో కొందరు ఆ కాగితానికి, దాని మీది సంతకమూ సీలూ నిజమైనవేనని అవతలి దేశానికి చెప్పే అపోస్టిల్ సీలు వేసి పంపేవారు. మరికొందరు అవతలి దేశంలో కౌంటర్ దగ్గర దాన్ని అందుకునేవారు. ఈ లేఖ ఇద్దరికీ రాస్తున్నాను. కాకపోతే ఇందులో ఎక్కువ మాటలు అందుకునేవారికే. అంత దూరం వచ్చిన కాగితం చివరికి ఆగిపోతున్నది మీ కౌంటర్ దగ్గరే.

ఈ సంగతే మామూలు ఉత్తరంగా రెండుసార్లు రాశాను. మొదటిదానికి "మీ ఉత్తరం అందింది" అని కంప్యూటర్ దానంతటది పంపే జవాబు వచ్చింది. రెండోదానికి అదీ రాలేదు. నా ఒక్క ఫైలు కదలడం కోసమే అయితే మూడోసారి కూడా మామూలు ఉత్తరమే రాసేదాన్ని. కానీ వెయిటింగ్ హాల్లో నా అటూ ఇటూ కూర్చున్నవాళ్లను పలకరిస్తే, వాళ్ల ఫైళ్లలోనూ ఇదే కథ. అందుకే నలుగురి ముందు పెడుతున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

నేను పుట్టిన దేశం ఒకటి, ఉద్యోగం చేస్తున్న దేశం ఇంకొకటి. నా భర్తనూ మా పాపనూ ఇక్కడికి తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టాను. వివాహ ధ్రువపత్రం, పాప జనన ధ్రువపత్రం, ఆయనకు నేరచరిత్ర లేదని చెప్పే పోలీసు క్లియరెన్స్ అడిగారు. మూడూ తీసుకుని, మూడింటికీ అపోస్టిల్ వేయించాం. రెండు దేశాలూ అపోస్టిల్‌ను ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో ఉన్నవే. ఒకదాని చేరిక మీద ఒకటి అభ్యంతరం చెప్పుకున్నవీ కావు. ఇక పని అయిపోయిందనుకున్నాం.

కౌంటర్‌లో ఉన్న అధికారి పత్రాలు తిప్పి చూసి, "మా ఎంబసీ సీలు లేదే" అన్నారు. ఎంబసీకి వెళ్తే, "అపోస్టిల్ ఉన్నదానికి మేం సీలు వేయం, వేయకూడదు కూడా" అన్నారు. సరే, ఆ మాటే కాగితం మీద రాసివ్వండి అంటే అలాంటి లెటర్లు ఇచ్చే పద్ధతి లేదన్నారు. మళ్లీ కౌంటర్‌కు వచ్చి చెబితే, "లిస్టులో ఉంది, నేనేం చేయను" అని గోడ మీద అంటించిన కాగితం చూపించారు. ఆ లిస్టు ఎప్పటిదో కింద తేదీ కూడా లేదు. కాగితం మాత్రం పసుపు రంగుకు తిరిగింది.

ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. అది ఒప్పుకోవాలి. ఇద్దరి మధ్యా నేను బంతిలా అటూ ఇటూ పడుతూ ఉండగా పోలీసు క్లియరెన్స్ గడువు దాటిపోయింది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ అపోస్టిల్. అది చేతికొచ్చేసరికి జనన ధ్రువపత్రం "మూడు నెలల లోపు జారీ అయినది కాదు" అని కొర్రీ వేశారు. పాత పత్రంలో మా పాప ఏ రోజున పుట్టిందని ఉందో, కొత్త పత్రంలోనూ ఆ రోజునే పుట్టిందని ఉంటుంది కదండీ అన్నాను. నవ్వారు. ఫైలు మాత్రం వెనక్కి ఇచ్చేశారు.

ఇక ఒప్పందం సంగతి. మీకు తెలియదని కాదు. కానీ కౌంటర్ ముందు నిలబడేవాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకు కూడా మీ ముందు నోరు విప్పే ధైర్యం ఉండదు. ఫైలు మీ చేతుల్లో ఉంటుంది మరి.

పూర్వం ఒక పత్రం దేశం దాటాలంటే గొలుసులా ఒకరి తర్వాత ఒకరు సీలు వేయాల్సి వచ్చేది. పత్రం ఇచ్చిన ఆఫీసు సంతకాన్ని దాని పై ఆఫీసు, దాన్ని విదేశాంగ శాఖ, విదేశాంగ శాఖ సీలును వెళ్లబోయే దేశపు ఎంబసీ, కొన్నిచోట్ల అక్కడికి చేరాక ఆ దేశపు విదేశాంగ శాఖ. ప్రతి సీలూ దాని ముందు సీలు నిజమైనదేనని చెప్పేదే తప్ప, అసలు కాగితంలో రాసిన సంగతి నిజమా కాదా అని చూసిన సీలు వాటిలో ఒక్కటీ లేదు.

ఈ గొలుసును తెంచడానికే 1961 అక్టోబరు 5న హేగ్‌లో ఒప్పందం కుదిరింది. 1965 జనవరి 24 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. భారతదేశానికి ఇది 2005లో, సౌదీ అరేబియాకు 2022లో, చైనాకు 2023లో, కెనడాకు 2024లో అమల్లోకి వచ్చింది. ఒక్కో దేశం చేరినప్పుడల్లా ఎన్ని లక్షల కుటుంబాలు "హమ్మయ్య" అనుకుని ఉంటాయో ఊహించుకోండి.

ఆ ఒప్పందం పొడవైనదేమీ కాదు, మొత్తం 15 అధికరణలు. వాటిలో మూడింటిని మీరు రోజూ గుర్తుపెట్టుకోవాలి. సంతకం నిజమైనదని, సంతకం చేసినవారి హోదా ఇదని, సీలు ఫలానావారిదని తేల్చుకోవడానికి అడగదగిన ఒకే ఒక్క లాంఛనం అపోస్టిల్ అని 3వ అధికరణ చెబుతోంది. అపోస్టిల్ మీద ఉన్న సంతకానికీ సీలుకూ మళ్లీ ఇంకో ధ్రువీకరణ అక్కర్లేదని 5వ అధికరణ. ఒప్పందం వర్తించే పత్రాలకు తమ రాయబార, కాన్సులర్ అధికారులు పాత పద్ధతిలో సీళ్లు వేయకుండా ప్రతి సభ్య దేశమూ చూసుకోవాలని 9వ అధికరణ. అంటే నా విషయంలో ఎంబసీ చెప్పిందే సరైనది. కౌంటర్ దగ్గర అడిగింది అడగకూడనిది.

అపోస్టిల్ రూపం కూడా అందరికీ ఒకటే. కనీసం 9 సెంటీమీటర్ల భుజం ఉన్న చతురస్రం, అందులో అంకెలు వేసిన 10 అంశాలు. మిగతా భాగం ఏ భాషలో ఉన్నా, శీర్షిక మాత్రం ఫ్రెంచిలో ఉండాలి. ప్రపంచంలో ఏ మూలనున్న అధికారైనా, భాష రాకపోయినా, ఏ అంకె పక్కన ఏముందో చూసి గుర్తుపట్టాలనే అలా పెట్టారు. అన్నట్టు, ఫ్రెంచిలో అపోస్టిల్ అంటే కాగితం అంచున రాసే చిన్న గమనిక. అంచున రాసిన గమనిక కోసం మనుషులు అంచుల దాకా వెళ్లాల్సి వస్తోంది.

మామూలు మనుషులకు దీనివల్ల ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ఉద్యోగాలూ సీట్లూ పోతున్నాయి. ఆసుపత్రిలో చేరాల్సిన నర్సుకు ఫలానా తేదీ లోపు చేరమని ఆర్డర్ ఉంటుంది. యూనివర్సిటీలో సీటు వచ్చిన విద్యార్థికి అడ్మిషన్ చివరి తేదీ ఉంటుంది. మీ "ఇంకో సీలు" ఆ తేదీల కోసం ఆగదు. ఆ తేదీలూ మీ సీలు కోసం ఆగవు. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించండి అనడం తేలిక. ఆ ఏడాది అప్పు మీద వడ్డీ కట్టేది ఇంట్లోవాళ్లు.

2. గడువులు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. దీని గురించి కాస్త ఎక్కువగా చెప్పనివ్వండి, ఎందుకంటే జనాన్ని అన్నిటికన్నా నలిపేస్తున్నది ఇదే.

అపోస్టిల్‌కు ఒప్పందం ఏ గడువూ పెట్టలేదు. సీలు పత్రానికి అంటుకుని ఉన్నంతకాలం, గుర్తుపట్టగలిగినంతకాలం చెల్లుతుంది. అయితే, లోపలి పత్రం ఎంత కొత్తదై ఉండాలో నిర్ణయించుకునే హక్కు అందుకునే దేశానికే ఉంది. సందు అక్కడే దొరికింది. సీలు పాతబడదు, కానీ సీలు కింద ఉన్న కాగితం పాతబడింది అంటారు. కాగితం మారిస్తే సీలూ మారాల్సిందే.

ఇప్పుడు లెక్క చూడండి. పోలీసు క్లియరెన్స్‌కు ఒక గడువు, జనన ధ్రువపత్రానికి ఒక గడువు, మెడికల్ రిపోర్టుకు ఇంకో గడువు. అనువాదకుల దగ్గర క్యూ, అపోస్టిల్ ఆఫీసులో క్యూ, మీ అపాయింట్‌మెంట్ కోసం క్యూ. అన్నీ ఒకే రోజున చెల్లుబాటులో ఉండేలా సర్దుకోవడం చిల్లుకుండలో నీళ్లు నింపడమే. ఒక చిల్లు మూస్తే ఇంకోటి కారుతుంది. గడువు దాటినదల్లా మళ్లీ మొదటి నుంచి, మళ్లీ ఫీజుతో. నేరచరిత్ర లేదని చెప్పే కాగితం నిన్నటిదై ఉండాలంటే ఒప్పుకుంటాను, మనిషి ఇవాళ నేరం చేయవచ్చు. పెళ్లి పత్రం కొత్తది అడగడంలో కూడా కొంత అర్థం ఉంది, మధ్యలో విడాకులు అయి ఉండవచ్చు. జననం, మరణం, డిగ్రీ మాటేమిటి? ఇవి మూడు నెలల్లో మారేవా? పదేళ్ల కిందట చనిపోయిన భర్త మరణ ధ్రువపత్రం "తాజాది" తెమ్మంటే ఒక ముసలామె కౌంటర్ దగ్గర మాట రాక నిలబడిపోవడం నేను నా కళ్లతో చూశాను.

3. సీలు దేనికి వేశారో ఎవరికీ తెలియడం లేదు. అపోస్టిల్ చెప్పేది సంతకం, హోదా, సీలు గురించి మాత్రమే. లోపల రాసిన విషయం నిజమని అది చెప్పదు. డిగ్రీ జిరాక్స్ కాపీకి నోటరీ చేయించి దాని మీద అపోస్టిల్ వేయిస్తే, ఆ అపోస్టిల్ నోటరీ సంతకానికే తప్ప డిగ్రీకి కాదు. ఈ సంగతి వేయించుకునేవారికి వేసేవారు చెప్పరు. జనం మాత్రం "ప్రభుత్వం సీలు వేసింది, ఇక తిరుగులేదు" అనుకుంటారు. అవతలి దేశంలో యూనివర్సిటీ దాన్ని పక్కన పెట్టి "మీ కాలేజీ నుంచి నేరుగా పంపించండి" అన్నప్పుడు గుండె జారిపోతుంది. మొదటి రోజే ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ ఖర్చు, ఆ టెన్షన్ రెండూ తప్పేవి.

4. అనువాదం అసలు పత్రాన్ని మింగేస్తోంది. అనువాదం ముందు చేయించాలా, అపోస్టిల్ ముందు వేయించాలా? ఒక ఆఫీసు ఒకలా చెబుతుంది, పక్క ఆఫీసు ఇంకోలా. ఒకచోట అనువాదకులు అందుకునే దేశంలో ప్రమాణం చేసినవారై ఉండాలి. ఇంకోచోట ఎవరు చేసినా సరే కానీ ఆ అనువాదానికి నోటరీ కావాలి, ఆ నోటరీకి మళ్లీ అపోస్టిల్ కావాలి. ఒక్క పేజీ జనన ధ్రువపత్రం ఇలా పెరిగి పెరిగి చిన్న పుస్తకమవుతుంది. ఇంత మోసుకొస్తే సీలులోని మాటలు కూడా అనువదించమంటారు. ఒక అంకె పక్కన దేశం పేరు, ఇంకో అంకె పక్కన తేదీ. దీనికి అనువాదకుల ఫీజు!

5. పేర్లు. ఇంటిపేరు ముందు రాసే జనం ఉన్నారు, వెనక రాసేవారున్నారు, అసలు ఇంటిపేరే లేనివారున్నారు. పెళ్లయ్యాక పేరు మారేవారున్నారు. ఒక లిపి నుంచి ఇంకో లిపికి మారేటప్పుడు ఒక అక్షరం అటో ఇటో అవుతుంది. పుట్టినప్పటి పత్రంలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉన్నంతమాత్రాన ఇద్దరు మనుషులైపోరు. తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు అన్నీ కలుస్తున్నా ఒక్క అక్షరం దగ్గర ఫైలు ఆపితే, దాన్ని దిద్దించుకోవడానికి ఆ మనిషి సముద్రాలు దాటి వెనక్కి వెళ్లాలి. దిద్దిన పత్రానికి కొత్త అపోస్టిల్ కావాలి. ఆపైన రెండో పాయింట్ మళ్లీ మొదలు.

6. స్టేపుల్ పిన్. నవ్వకండి. అపోస్టిల్ విడి కాగితంగా ఉన్నప్పుడు పత్రానికి పిన్‌తోనో రిబ్బన్‌తోనో జిగురుతోనో కలుపుతారు. మీ సిబ్బందే ఫొటోకాపీ కోసం ఆ పిన్ ఊడదీస్తారు. తర్వాతి కౌంటర్‌లో "పిన్ రంధ్రాలు రెండు జతలున్నాయి, ఇది మార్చిన కాగితం" అంటారు. పిన్ తీసిన చెయ్యి ఎవరిదో మేం ఎలా రుజువు చేయాలి?

7. ఎలక్ట్రానిక్ అపోస్టిల్‌ను నమ్మడం లేదు. ఈ ఒప్పందాన్ని చూసుకునే హేగ్ సంస్థ ఎలక్ట్రానిక్ అపోస్టిల్ కార్యక్రమాన్ని 2006లోనే మొదలుపెట్టింది. అంటే ఇది నిన్న మొన్నటి వింత కాదు. డిజిటల్ సంతకంతో ఉన్న ఫైలు పంపితే "ప్రింటు తెండి" అంటారు. ప్రింటు తీస్తే "ఇంకు సంతకం లేదు" అంటారు. పైగా 7వ అధికరణ ప్రకారం జారీచేసిన ప్రతి అపోస్టిల్ నంబరు, తేదీ, సంతకం చేసినవారి వివరాలు ఆ ఆఫీసు రిజిస్టర్‌లో ఉండాలి. ఎవరు అడిగినా సరిచూసి చెప్పాలి. చాలా దేశాల్లో ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లోనే ఉంది. నంబరూ తేదీ కొడితే అసలుదో నకిలీదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. నేను నిలబడిన కౌంటర్‌లో కంప్యూటర్ ఉంది, ఇంటర్‌నెట్ ఉంది. నంబరు కొట్టి చూడండి అని నేనే అడిగాను. "అది మా పని కాదు" అన్నారు. నకిలీల భయంతోనే ఇంకో సీలు అడుగుతున్నామంటారు, నకిలీని పట్టే పని మాత్రం మాది కాదంటారు. ఈ రెండు మాటలకూ పొంతన ఎలా కుదురుతుందో నాకు అర్థం కాలేదు.

8. అపోస్టిల్ దారి అందరికీ తెరిచి లేదు. ఎంబసీ, కాన్సులేట్ అధికారులు రాసిచ్చిన పత్రాలకు ఈ ఒప్పందం వర్తించదని 1వ అధికరణే చెబుతోంది. అందువల్ల విదేశంలో పుట్టి, తల్లిదండ్రుల దేశపు కాన్సులేట్‌లో నమోదైన బిడ్డ జనన పత్రం మూడో దేశానికి తీసుకెళ్తే ఏ సీలు వేయించాలో చెప్పేవారుండరు. ఒక దేశం కొత్తగా చేరినప్పుడు పాత సభ్య దేశం అభ్యంతరం చెబితే, ఆ రెండింటి మధ్య ఒప్పందం పనిచేయదు. ఇది 12వ అధికరణ. పేపర్లో "మన దేశం చేరింది" అని చదివి సంబరపడిన మనిషికి ఈ మెలిక తెలిసేది కౌంటర్ దగ్గరే. ఇక యుద్ధంలో ఊరే లేకుండా పోయినవాళ్లు, పత్రం ఇవ్వాల్సిన ప్రభుత్వం నుంచే పారిపోయి వచ్చినవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లి సీలు అడగాలి? శరణార్థులకు తమ దేశం ఇవ్వాల్సిన పత్రాల బదులు ఆశ్రయమిచ్చిన దేశమే పత్రాలు ఇవ్వాలని, వ్యతిరేకంగా రుజువు లేనంతవరకు వాటిని నమ్మాలని 1951 శరణార్థుల ఒప్పందం 25వ అధికరణ చెబుతోంది. అది తెలిసిన అధికారి దొరకడం వాళ్ల అదృష్టం మీద ఉంది.

ఇక ఏజెంట్లు. వేరే నంబరు వేయలేదు, ఎందుకంటే పైన చెప్పిన ఎనిమిదీ కలిసే వాళ్లను పుట్టించాయి. ఏ ఆఫీసుకు ఏం కావాలో మీ నోటీసు బోర్డు చెప్పదు, ఏజెంటు చెబుతాడు. ప్రభుత్వ ఫీజుకు ఎన్నో రెట్లు తీసుకుంటాడు. కొందరు నకిలీ సీళ్లు కూడా వేసి ఇస్తారు. అలా మోసపోయినవాడు పట్టుబడితే, నకిలీ పత్రం పెట్టాడని జీవితాంతం మచ్చ పడేది వాడికే, ఏజెంటుకు కాదు.

మీ వైపు నుంచి కూడా ఆలోచించకుండా రాయడం లేదు. నకిలీ సర్టిఫికెట్లు ఉన్నాయి. నకిలీ డిగ్రీలు అమ్మే ముఠాలు ఉన్నాయి. తప్పుడు పత్రం దాటిపోతే రేపు సంజాయిషీ మీరే ఇవ్వాలి. ఇంకో సీలు అడిగినందుకు మాత్రం మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నా ఉద్దేశంలో అసలు రోగం ఇదే. ఎక్కువ అడిగితే మీకు నష్టం లేదు, తక్కువ అడిగితే ఉంది. అందుకని మంచి అధికారి కూడా ఎక్కువే అడుగుతారు. ఆ ఎక్కువ ఖరీదు కట్టేది మేం. కౌంటర్‌లో కూర్చున్న మనిషిని తప్పుపట్టి లాభం లేదు, ఆయనకు ఆ పసుపు రంగు లిస్టు ఇచ్చినవాళ్లను అడగాలి.

ఇంకోలా చేయడం సాధ్యం కాదా అంటే, చేసి చూపించినవాళ్లున్నారు. యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలు తమలో తాము జననం, మరణం, వివాహం, నేరచరిత్ర లేకపోవడం వంటి పత్రాలకు అపోస్టిల్ కూడా అక్కర్లేకుండా చేసుకున్నాయి. 2016లో చేసిన ఆ నిబంధన 2019 ఫిబ్రవరి 16 నుంచి అమలవుతోంది. అనువాదం బాధ తగ్గించడానికి అనేక భాషల్లో ఒకే నమూనా ఫారం జత చేస్తారు. అనుమానం వస్తే ఆఫీసు ఆఫీసునే అడుగుతుంది, మనిషిని తిప్పదు. అంత దూరం వెళ్లమని మేం అడగడం లేదు. ఒప్పుకుని సంతకం పెట్టినదాన్ని అమలు చేయమంటున్నాం.

అందువల్ల మేం కోరేవి ఇవి:

1. అపోస్టిల్ ఉన్న పత్రానికి ఎంబసీ సీలు గానీ, విదేశాంగ శాఖ సీలు గానీ అడగడం వెంటనే ఆపండి. గోడల మీదా వెబ్‌సైట్లలో ఉన్న పాత లిస్టులు తీసేయండి. కొత్త లిస్టు మీద తేదీ వేయండి.

2. పత్రాన్ని తిరస్కరిస్తే కారణం రాసి, ఏ నిబంధన కిందో చెప్పి, సంతకం పెట్టి ఇవ్వండి. నోటిమాటతో ఫైలు తిప్పి పంపడం ఆపండి. ఈ ఒక్కటి చేసినా సగం కొర్రీలు వాటంతటవే పోతాయని నా నమ్మకం. రాసివ్వాల్సి వస్తే లేని నిబంధన ఎవరూ రాయలేరు.

3. మారని విషయాలకు గడువు పెట్టకండి. జననం, మరణం, చదువు పూర్తయిన సంగతి, వీటికి పత్రం ఎప్పటిదైనా చెల్లాలి. గడువు నిజంగా అవసరమైన పత్రాలకు, దరఖాస్తు పెట్టిన రోజును లెక్కలోకి తీసుకోండి, మీరు ఫైలు తెరిచిన రోజును కాదు.

4. అనుమానం ఉంటే ముందు రిజిస్టర్‌లో నంబరు చూడండి. ఎలక్ట్రానిక్ అపోస్టిల్‌ను ఎలక్ట్రానిక్‌గానే తీసుకోండి.

5. అపోస్టిల్ వేసే ఆఫీసులు, "ఇది సంతకానికే, విషయానికి కాదు" అని జనానికి అర్థమయ్యే భాషలో కౌంటర్ దగ్గర రాసిపెట్టండి. ఫీజు ఎంతో, ఎన్ని రోజులు పడుతుందో కూడా. ఎవరి సంతకాల నమూనాలు మీ దగ్గర లేవో ఆ ఆఫీసుల నుంచి మీరే తెప్పించుకోండి. "ఈయన సంతకం మా రికార్డులో లేదు" అని జనాన్ని వెనక్కి పంపకండి.

6. అనువాదం, అపోస్టిల్, వీటిలో ఏది ముందో ఒక్క మాట మీద నిలబడండి. ఆ మాటను రాతపూర్వకంగా ప్రకటించండి.

7. పేరులో అక్షరం తేడా ఉన్నప్పుడు మిగతా వివరాలు కలుస్తుంటే ఇద్దరూ ఒకరే అనే ప్రమాణ పత్రాన్ని ఒప్పుకోండి.

8. పత్రాలు తెచ్చుకోలేని శరణార్థుల కోసం ప్రతి ఆఫీసులో నియమం తెలిసిన ఒక్క అధికారిని కేటాయించండి. ఆ అధికారి కూర్చునే గది నంబరు గేటు దగ్గరే రాసిపెట్టండి.

9. ఇంకా ఒప్పందంలో చేరని దేశాలు చేరండి. అభ్యంతరాలు పెట్టిన దేశాలు వాటిని ఇప్పటికీ ఉంచాల్సిన అవసరం ఉందో లేదో బహిరంగంగా తేల్చండి.

ఈ తొమ్మిదింటిలో డబ్బు ఖర్చయ్యేవి రెండో మూడో. మిగతావాటికి ఒక సర్క్యులర్ చాలు.

పాప కొత్త జనన ధ్రువపత్రం కోసం మూడోసారి దరఖాస్తు పెట్టాం. అది వచ్చాక అపోస్టిల్, ఆ తర్వాత మళ్లీ మీ కౌంటర్. ఈలోగా పోలీసు క్లియరెన్స్ గడువు మళ్లీ దాటకుండా ఉంటే మా అదృష్టం. నా రెండు ఉత్తరాల్లోనూ అడిగిన ప్రశ్న ఒకటే. దానికింతవరకు జవాబు లేదు కాబట్టి ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను: అపోస్టిల్ వేసిన పత్రానికి ఇంకో సీలు అడగమని మీకు చెబుతున్న నిబంధన ఏది? నంబరు చెప్పండి.

ఇట్లు,
మీ కౌంటర్ ముందు టోకెన్ పట్టుకుని నిలబడ్డవారిలో ఒకరు